ప్రామాణిక చెంప

మా గోనెసంచుల కార్పొరేషన్ జోనల్ ఆఫీసులో మనుషుల్ని గుర్తుపట్టే పని మనుషుల చేతుల్లోంచి తీసేసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడా పని గేటు పక్క గోడకు బిగించిన యంత్రం చేస్తుంది. పొద్దున్నే దాని ముందు నిలబడి మొహం చూపించాలి. గుర్తుపడితే పచ్చదీపం వెలిగి "స్వాగతం" అంటుంది. గుర్తుపట్టకపోతే ఎర్రదీపం వెలిగి "నూతన వ్యక్తి, దయచేసి రిసెప్షన్‌లో సంప్రదించండి" అంటుంది. మాకు రిసెప్షన్ లేదు.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌గిరీ వెలగబెడుతున్న నాకు ఆ యంత్రం మీద కోపం లేదు. దానికి బుద్ధి లేదు, ఉందని అది ఎప్పుడూ చెప్పుకోలేదు. నా కోపమంతా అలా చెప్పుకునేవాళ్ల మీద.

యంత్రం పెట్టిన రోజున హెడ్ ఆఫీసు నుంచి మనుషులొచ్చి అందరి ఫొటోలూ తీసుకున్నారు. ముందురోజే "శుభ్రంగా రండి" అని కబురు పంపారు గనక మగవాళ్లంతా నున్నగా గీయించుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చారు. ఆ నున్నటి మొహాలే యంత్రం కడుపులో ఉండిపోయాయి. మూడు రోజుల గడ్డంతో వెళితే మనమెవరో దానికి తెలియదు. ఫొటో మార్పించుకుందామంటే ఐదేళ్లదాకా వీల్లేదని రూలు. యంత్రం మనిషిలా ఉండేట్టు చూడటం కుదరదు గనక మనిషే యంత్రంలో ఉన్నట్టు ఉండాలని తేల్చి సర్క్యులర్ పంపారు. "ఉద్యోగులు యంత్రము గుర్తించదగిన ముఖస్థితిని నిరంతరము కాపాడుకొనవలెను" అని అందులో ఉంది. జోనల్ మేనేజర్ విద్యాధరరావు గారికి మాత్రం ఈ బాధ లేదు. ఆయనది గుండెలదాకా దిగిన గడ్డం. ఫొటో కూడా దానితోనే తీశారు.

మిగతావాళ్లం ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేనివాడు ఒక్కడే, కడలి ఏడుకొండలు.

ఏడుకొండలు గోడౌన్‌లో బేళ్ల మీద నంబర్లు వేస్తాడు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఈ ఏడాది హెడ్ ఆఫీసు వాళ్లకి దయ పుట్టి ఒక ఉత్తర్వు ఇచ్చారు. వరసగా తొంభై పనిదినాలు యంత్రం దగ్గర హాజరు నిరూపించుకున్న కాంట్రాక్టు ఉద్యోగిని పర్మినెంటు చేస్తారు. మూడు రోజుల తప్పుదాకా మాఫీ. నాలుగో తప్పు దొర్లితే మొత్తం రద్దు, కాంట్రాక్టుతో సహా. వయసు నలభై ఐదు దాటకూడదు. ఏడుకొండలుకి ఈ శ్రావణంలో నలభై ఐదు నిండుతాయి. అంటే అతనికి ఈ తొంభై రోజులు తప్పితే మరో తొంభై రోజులు ఈ జన్మలో లేవు.

అతని చర్మం చూస్తే బేళ్లు మోసే చోట పనిచేసేవాడి చర్మంలా ఉండదు. కత్తి తగిలితే చాలు, ఎర్రగా కంది చెంపనిండా పొక్కులు లేస్తాయి. ఆ పొక్కుల మొహాన్నీ యంత్రం గుర్తుపట్టదు. ఇన్నాళ్లూ ఎర్రదీపం పడిన రోజు కూలి వదులుకుని సరిపెట్టుకున్నాడు. ఈ తొంభై రోజుల లెక్కలో మొదటి వారంలోనే ఒక తప్పు పడింది. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"గీత్తే పొక్కులండి, గీకపోతే గెడ్డమండి. మిసనుకి రెండూ పడట్లేదండి గురువుగారండి."

"షాపులో గీయించుకోవయ్యా."

"షాపు తీసేది తొమ్మిదింటికండి, నా డూటీ ఏడింటికండి. అయినా రోజూ అంటే మనవల్ల అవుద్దాండి."

ఆ తర్వాత వారం రోజులూ అతను పడ్డ పాట్లు మా ఆఫీసులో ఏ ఫైలూ పడి ఉండదు. రెండు బ్లేళ్ల ప్లాస్టిక్‌ది కొన్నాడు, చెంప తగలబడిపోయింది. మూడు బ్లేళ్లది కొన్నాడు, గొంతు కింద దద్దుర్లు. ఐదు బ్లేళ్లది మందులషాపులో చేత్తో పట్టుకుని చూసి, ధర విని, మళ్లీ జాగ్రత్తగా అక్కడే పెట్టొచ్చాడు. బావమరిది దగ్గర కరెంటు మిషను అరువు తెచ్చుకుంటే అది నున్నగా గీయదు, గడ్డాన్ని పొట్టిది చేసి వదిలేస్తుంది. ఆ మొహంతో ఓ పొద్దున యంత్రం ముందు పావుగంట అటూ ఇటూ తిరిగి, వెలుతురు పడేలా మెడ వంచి, చివరికి ఎలాగో పచ్చదీపం వెలిగించుకున్నాడు. ప్రతిరోజూ అలా అదృష్టం మీద బతకలేం కదా.

చివరికి మెయిన్ రోడ్డులో, తాళాలూ కత్తెరలూ అమ్మే ఒక పాత కొట్లో అతనికి దొరికింది. స్టీలు సేఫ్టీ రేజరు, రెండు రేకుల మధ్య ఒకే ఒక్క బ్లేడు పెట్టి పిడి తిప్పి బిగించేది. నూట ఇరవై రూపాయలు. కొట్టు ముసలాయన రేజరుతోపాటు బుద్ధి కూడా ఇచ్చాడు. ముందు వేణ్ణీళ్లతో మొహం నానబెట్టు, సబ్బు నురగ దండిగా పట్టించు, నొక్కకు, దాని బరువుతో దాన్నే జారనీ, వెంట్రుక వాలిన వైపే గియ్యి, ఎదురు గియ్యకు. అంతే. మర్నాడు ఏడుకొండలు మొహం తమలపాకులా ఉంది. ఒక్క పొక్కు లేదు. యంత్రం వెంటనే స్వాగతం పలికింది. ఆ రోజు నుంచి వరసగా యాభై రోజులు పలికింది.

కథ ఇక్కడ ఆగిపోవాల్సింది. ఒక మనిషికి ఒక కష్టం వచ్చింది, తన పాట్లు తను పడి, తన డబ్బుతో, తన తలతో దాన్ని తీర్చుకున్నాడు. ఆగకపోవడానికి కారణం నేను. టీ టైములో విద్యాధరరావు గారు వినేలా, "చూశారా సార్, ఏడుకొండలు భలే రేజరు పట్టాడు, చవక, నున్నగా గీస్తుంది, మంట లేదు" అని నోరు జారాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో మంచి విషయాన్ని ఆఫీసర్ చెవిన వేయకూడదని తెలియకపోవడం నా తప్పే.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. గడ్డం నిమిరారు.

"మూర్తిగారూ, ఒక వ్యక్తి ఒక రేజర్ కొనుక్కుని గీసుకుంటే అది కేవలం సౌకర్యం. సంస్థ యావత్తూ ఒకే రేజర్‌తో గీసుకుంటే అది విధానం. మనం విధానం వైపు పయనించాలి."

పయనం మర్నాడే మొదలైంది. ముఖక్షౌర ఉపకరణ ఎంపిక మరియు ప్రమాణీకరణ కమిటీ అని ఒకటి వేశారు. అధ్యక్షులు విద్యాధరరావు గారు. సభ్యులు అకౌంట్స్ ఆఫీసర్ త్రిపురసుందరి గారు, నాణ్యత ఇన్‌స్పెక్టర్ పేరయ్య. కన్వీనర్‌గా నన్ను వేశారు, అంటే రాసేవాణ్ణి. గడ్డం గీసుకునే మనిషిని ఒక్కణ్ణయినా కమిటీలో వేయమని నేను అడిగితే విద్యాధరరావు గారు నన్ను జాలిగా చూశారు. గీసుకునేవాడు లబ్ధిదారుడట. లబ్ధిదారుడు నిర్ణేత కారాదట. ఆయనకు గడ్డం ఉంది, త్రిపురసుందరి గారికి రాదు, పేరయ్య తన ఇంటి దైవానికి మొక్కుకుని నాలుగేళ్లుగా పెంచుతున్నాడు, యంత్రం నుంచి అతనికి మినహాయింపు కూడా ఉంది. కమిటీ నిష్పాక్షికతకు ఇంతకంటే ఏం కావాలి.

మొదటి సమావేశంలో ఏడుకొండల్ని రేజరుతో సహా పిలిపించారు. అతను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, రేజరు కొత్త గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. దానికి మెడల్ ఇస్తారనుకున్నట్టున్నాడు.

రేజరుని త్రిపురసుందరి గారు ఇటూ అటూ తిప్పి చూశారు. "బిల్లుందా?" అన్నారు.

"లేదండి. ఆ ముసలాయన కాయితం ఇవ్వలేదండి."

"అయితే దీన్ని కొనలేం. పోలిక కోసం నమూనాగా ఉంచుకోవచ్చు."

ఏడుకొండలు తెచ్చిన రేజరుని గుడ్డ సంచిలో పెట్టి, దారం కట్టి, లక్క పోసి, ఆఫీసు ముద్ర కొట్టి, నా వెనకాల బీరువాలో పెట్టారు. నమూనాను పోలి ఉండే రేజరుకి టెండరు పిలవాలని తీర్మానం. పోలి ఉందో లేదో చూడాలంటే సీలు విప్పాలి కదా అని నేనన్నాను. సీలు విప్పితే అది నమూనా కాదని త్రిపురసుందరి గారన్నారు. ఆ అంశం మీద అరగంట చర్చించి, నమూనా ఉనికిలో ఉండటమే ముఖ్యం, చూడటం ముఖ్యం కాదని రాసుకున్నాం.

"మరి నేను రేపు దేంతో గీసుకోనండి?" అన్నాడు ఏడుకొండలు.

ఆ ప్రశ్నతో విద్యాధరరావు గారికి అసలు ఆలోచన వచ్చింది. టెండర్లలో వచ్చే రేజర్లను ఎవరి మీద పరీక్షించాలి అన్నది అప్పటిదాకా తేలలేదు. మొద్దు చర్మం మీద ఏది గీసినా మంట ఉండదు. మంటకు అన్నిటికంటే తొందరగా స్పందించే చర్మం కావాలి. అలాంటి చర్మం ఎదురుగా, గుండీలన్నీ పెట్టుకుని నిలబడి ఉంది. "గోడౌన్ కాంట్రాక్టు ఉద్యోగి శ్రీ కె. ఏడుకొండలు యొక్క కుడి, ఎడమ చెంపలను పరీక్షా కాలమంతటికీ సంస్థ యొక్క ప్రామాణిక చెంపగా గుర్తించడమైనది. సదరు చెంపపై కమిటీ సమక్షంలో తప్ప ఏ ఉపకరణమూ ప్రయోగించరాదు" అని నాచేతే రాయించారు.

బయటికొచ్చాక అతను వరండాలో నన్ను ఆపాడు.

"అరవై మూడు రోజులైపోయాయండి. ఇంకా ఇరవయ్యేడు. ఒక తప్పు అప్పుడే పడిపోయింది కదండి. ఇంకో రేజరు కొనుక్కుని ఇంట్లో గీసేసుకుంటే ఎవరికి తెలుత్తాదండి?"

"పేరయ్య భూతద్దం పెట్టి చూస్తాడయ్యా. ఆఫీసుకు సహకరించలేదని ఒక్క ముక్క రాస్తే పర్మినెంటు లిస్టులోంచి కొట్టేస్తారు."

అతని తరఫున నేనే నోట్ పెట్టాను, పరీక్ష రోజులు హాజరుగా లెక్కించాలని. "పరీక్షయు విధియే. కమిటీ ధ్రువపత్రము ఇచ్చును" అని విద్యాధరరావు గారు ఎర్ర సిరాతో రాశారు. ఆ కాగితం చూపిస్తే ఏడుకొండలు మొహం వికసించింది. నాకూ ధైర్యం వచ్చింది. ఎర్ర సిరా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ వారంలోనే నాలుగు టెండర్లొచ్చాయి. ఒక్కో రేజరుకీ మూడు రోజుల గడ్డం ఉండాలని నిబంధన. అప్పుడు పేరయ్య లేచాడు.

"మంగళారం క్షవరం చెయ్యకూడదండి. శుక్రారం అసలు ముట్టుకోకూడదు. గురారం, శనారం కూడా మంచివి కాదు. ఆఫీసు డబ్బుతో చేసే క్షవరం శాస్త్రం ప్రకారం ఉండాలి కదండి మరి."

ఎవరూ కాదనలేదు. అలాంటి విషయాల్లో మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ కాదనరు. ఆదివారం సెలవు. అవన్నీ పోగా, మూడు రోజుల గడ్డమూ కలిసొచ్చేలా చూస్తే వారానికి ఒక్క సోమవారం మిగిలింది. అలా ఏడుకొండలు వారం స్థిరపడింది. సోమవారం గీత, మంగళ బుధవారాలు పొక్కులు, మిగతా మూడు రోజులూ పొక్కుల మీద గడ్డం. యంత్రం కడుపులో ఉన్న మొహం అతనికి ఏ వారమూ లేకుండా పోయింది.

మొదటి సోమవారం పరీక్ష సమావేశ మందిరంలో పెట్టారు. వేణ్ణీళ్లు స్పెసిఫికేషన్‌లో లేవు గనక చన్నీళ్లు. నురగ రాదు గనక పొడి సబ్బు. గీసే పని ఏడుకొండలు చేతికి ఇవ్వలేదు. తన చెంప మీద తనకు మమకారం ఉంటుందని, కత్తి నెమ్మదిగా పెడతాడని త్రిపురసుందరి గారి అభ్యంతరం. పేరయ్యే గీశాడు. గోనె కుట్లు విప్పే అలవాటున్న చెయ్యి. ఎదురుగీత గీశాడు. గీశాక గోనెపోగులు లెక్కపెట్టే భూతద్దం చెంపకు ఆనించి చూశాడు.

"అంగుళానికి ఎన్ని మిగిలాయో నా కన్ను చెప్పేద్దండి. గోనైతే ఏటి, గెడ్డమైతే ఏటి." తర్వాత ఒక జనపనార పోగు తీసి చెంప మీద లాగాడు. ఎక్కడా తట్టుకోలేదు. నున్నదనం సంతృప్తికరమని రాశాం.

ఇక మంట. ఏడుకొండలు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దవడ కింద రెండుచోట్ల రక్తం చెమర్చింది. నేను "మంట ఉన్నట్టు కనిపిస్తోంది" అని రాయబోయాను. త్రిపురసుందరి గారు కలం పట్టుకున్న నా చెయ్యి ఆపారు.

"కనిపించేది మంట కాదండి, ఎరుపు. మంట అనేది అనుభవం. అనుభవించినవాడు చెప్పాలి, మనం రాయాలి. లేకపోతే ఆడిట్‌లో నిలబడదు."

విద్యాధరరావు గారు అతని వైపు తిరిగి, కుర్చీలో వెనక్కి వాలి, అడిగారు. "ఏమయ్యా, ఎలా ఉంది?"

జోనల్ మేనేజర్ అంతటివాడు అడిగితే గోదావరి జిల్లాల్లో పుట్టిన కాంట్రాక్టు ఉద్యోగి ఇంకేమంటాడు. ఎడం చేత్తో కన్ను తుడుచుకుని అన్నాడు. "ఆయ్. పర్లేదండి."

మంట: లేదు. అలా రాశాం.

రెండో సోమవారం రెండో రేజరు. పర్లేదండి. మూడోసారి చెంప మీద గీయడానికి చోటు దొరక్క పేరయ్య మెడ మీదికి దిగాడు. పర్లేదండి. మధ్యలో ఒకరోజు నేను అతన్ని గోడౌన్ వెనక్కి తీసుకెళ్లి బతిమాలాను. మండుతోందని ఒక్క మాట అనవయ్యా, పరీక్ష ఆపేస్తారు అన్నాను. మొహం చేతులతో తాకకుండా జాగ్రత్తపడుతూ నిలబడ్డాడు.

"పెద్దోళ్లు అలా కూసుని అడుగుతుంటే బావోలేదని ఎలా అంటామండి. ఇంకో వారవే కదండి. ఆ కాయితం ఇచ్చేత్తే ఐపోద్ది."

నాలుగో రేజరు పంతొమ్మిది రూపాయలది. గీస్తుంటే అది మధ్యలో విరిగింది. విరిగిన ముక్కతోనే పూర్తిచేశారు. అప్పుడూ పర్లేదన్నాడు. నాలుగింటికీ మంట శూన్యం, నాలుగింటికీ నున్నదనం సంతృప్తికరం గనక నిబంధనల ప్రకారం చవకదే గెలిచింది.

తొంభై రోజులూ పూర్తయిన సాయంత్రం నేను ధ్రువపత్రం టైపు చేసి సంతకాలకు పట్టుకెళ్లాను. విద్యాధరరావు గారు యంత్రం జాబితా తెప్పించి చూశారు. ఆ నాలుగు వారాల్లో మొత్తం ఇరవై రెండు రోజులు ఏడుకొండలు పేరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది. నాలుగు సోమవారాలూ అందులో ఉన్నాయి.

"హాజరు కాని ఉద్యోగి పరీక్షకు హాజరైనట్టు నేను ఎలా ధ్రువీకరించగలను మూర్తిగారూ? యంత్రాన్ని ధిక్కరించిన వాడినవుతాను."

"మరి పరీక్షలు ఎవరి మీద చేసినట్టు సార్? ఆ మనిషి రాలేదంటే పరీక్షలూ చెల్లవు. రేజరూ చెల్లదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "తీర్మానం మళ్లీ చదవండి. కమిటీ ప్రమాణీకరించినది చెంపను. వ్యక్తిని కాదు. చెంప హాజరైంది, దానికి మీ సంతకంతోనే రికార్డు ఉంది. వ్యక్తి హాజరు కాలేదు, దానికి యంత్రం రికార్డు ఉంది. రెండింటికీ వైరుధ్యం ఏమీ లేదు."

త్రిపురసుందరి గారు తలూపారు. వాళ్లు నవ్వులాటకు అంటున్నారేమోనని ఇద్దరి మొహాలూ చూశాను. ఎవరూ నవ్వడం లేదు.

పర్మినెంటు జాబితా మర్నాడొచ్చింది. ఏడుకొండలు పేరు అందులో లేదు. నాలుగో తప్పు దాటినందుకు కాంట్రాక్టు రద్దు కాగితం మాత్రం ఉంది. అదే మధ్యాహ్నం రేజర్ల పంపిణీ సభ. ఒక్కొక్కళ్లకీ ఒక్కో రేజరు రంగు కాగితంలో చుట్టి పంచారు. విద్యాధరరావు గారు గడ్డం నిమురుకుంటూ నున్నదనం మీద ఉపన్యాసం ఇచ్చారు. చప్పట్లు అయ్యాక ఆనవాయితీ ప్రకారం, "ఎవరికైనా ఏమైనా ఇబ్బందులుంటే నిస్సంకోచంగా చెప్పవచ్చు" అన్నారు.

వెనక వరసలో ఏడుకొండలు లేచాడు. మెడ చుట్టూ తడిగుడ్డ ఉంది. చెంపల మీద చర్మం ఊడి చారలు కట్టింది.

"మండుతందండి," అన్నాడు. "మొదట్నుంచీ మండుతందండి. నాలుగూ మండాయండి. అడిగితే పర్లేదన్నాను, తప్పు నాదేనండి. ఇది అందరికీ పంచెయ్యకండి. నాది బీరువాలో ఉంది, దాన్ని ఓసారి చూడండి."

విద్యాధరరావు గారు నావైపు వంగి అడిగారు. "ఎవరతను?"

నాలుగు సోమవారాలు ఆ మొహాన్ని జానెడు దూరం నుంచి చూసిన మనిషి అడిగిన ప్రశ్న అది. నేను పేరు చెప్పాను. ఆయన జాబితా చూశారు. ఈ పొద్దున్నుంచి అతను సంస్థ ఉద్యోగి కాడు, బయటివారి ఫిర్యాదులు సభలో స్వీకరించే ఏర్పాటు లేదు అని మర్యాదగానే చెప్పారు. అతన్ని గేటుదాకా దింపి రమ్మని పేరయ్యను పంపారు.

వెళ్లేముందు ఏడుకొండలు నా కుర్చీ దగ్గర ఆగాడు. "మీరు చూశారు కదండి. మీరైనా రాయండి గురువుగారండి. నా ఉజ్జోగం కోసం కాదండి. ఇంకోడి మీద ఇలా గీకుండా."

రాస్తానన్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను.

సాయంత్రం హెడ్ ఆఫీసుకు పంపాల్సిన నివేదిక నా ముందుంది. పంపిణీ చేసిన రేజర్లు రెండు వందల పద్నాలుగు. చివరి గడి, ఉద్యోగుల నుంచి వచ్చిన ఫిర్యాదులు. నాకు రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఉద్యోగుల నుంచి అని స్పష్టంగా ఉందని, ఫిర్యాదు చేసినవాడు ఉద్యోగి కాడని, గడిలో ఉన్నదానికే జవాబు రాయాలి తప్ప లేనిదానికి కాదని నాకు నేనే చాలా చక్కగా, విద్యాధరరావు గారి భాషలోనే నచ్చజెప్పుకున్నాను. 'లేవు' అని టైపు చేసి, కింద సంతకం పెట్టి పంపాను.